25 కిలోల బస్తా ఇప్పుడు 36 రోజులొస్తోంది: వెల్‌నెస్ కోచ్‌తో ఏడాదిన్నర

మా ఇంట్లో తినేది ముగ్గురం: నేను, మావారు, మా అత్తగారు. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. బియ్యం బస్తా విప్పిన రోజున క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టడం నాకు ఎప్పటినుంచో అలవాటు. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్లు చూస్తాను. ఆఫీసులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టీ లెక్కపెట్టీ, ఇంట్లో కూడా ఏ సరుకు ఎన్ని రోజులొచ్చిందో రాసుకోకపోతే నాకు తోచదు. 2023 జూలైలో మా 25 కిలోల బస్తా 25 రోజులకు ఖాళీ అయ్యేది. ఇప్పుడు 36 రోజులొస్తోంది.

ఈ పదకొండు రోజుల తేడాకు అయిన ఖర్చు 49,500 రూపాయలు. మొదటి 3 నెలలకు వారానికో కాల్ చొప్పున 12,000. అది మా అమ్మాయి కట్టింది. తర్వాత 15 నెలలు పదిహేను రోజులకో కాల్, నెలకు 2,500. అది నా జీతంలోంచి. అరగంట ఫోన్ కాల్, మధ్యమధ్యలో వాట్సాప్‌లో మాటలు, ఒక యాప్. ఇంతే సర్వీసు. కంపెనీ పేరు రాయడం లేదు. మంచీ చెడూ రెండూ చెప్పబోతున్నాను, పైగా ఈ పని చేసే కంపెనీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. డబ్బు కట్టాక లోపల ఏం జరుగుతుందో చెప్తాను, కట్టాలో వద్దో మీరు చూసుకోండి.

నాకప్పుడు 47. మోకాళ్ళ నొప్పులని వెళ్తే డాక్టరుగారు రక్తపరీక్షలు రాశారు. హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. అది రెండు మూడు నెలల షుగర్ సగటు. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కు ముందు దశ, 6.5కు చేరితే షుగరే. "అంచున ఉన్నారమ్మా. అన్నం తగ్గించండి, నడవండి, మూడు నెలలయ్యాక రండి" అన్నారు. బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు? అంతకు ముందు నెలలోనే ఐసీఎంఆర్ సర్వే పేపర్లలో వచ్చింది: దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, నాలాగా అంచున ఉన్నవాళ్ళు 13.6 కోట్లు. అన్నం తగ్గించాలని ఇన్ని కోట్ల మందిలో ఎవరికి తెలియదు? నాకూ తెలుసు. ఎంత తగ్గించాలి, ఏ పూట తగ్గించాలి, కడుపులో ఆ ఖాళీని దేనితో నింపాలి, అత్తగారు గరిటె పట్టుకుని పక్కన నిలబడితే ఏమని చెప్పాలి? నా బండి ఆగిపోయేది అక్కడే.

అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, నీకొక వెల్‌నెస్ కోచ్‌ని పెడతాను" అన్నప్పుడు వెంటనే వద్దన్నాను. మా వైపు వెల్‌నెస్ కోచ్ అంటే పొద్దున్నే ఆరింటికి ఒక గదిలో పదిమందిని కూర్చోబెట్టి, బరువు తూచి, డబ్బాలో పొడి గ్లాసులో కలిపి ఇచ్చే మనిషి. 2022లో నేనూ అలాంటి చోటికి మూడు నెలలు వెళ్ళాను. పొద్దున షేకు, రాత్రి షేకు. నాలుగు కిలోలు తగ్గాను. చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. నాలుగో నెల రాగానే "మీరు కూడా కోచ్ అవ్వండి మేడమ్, మీ కింద ముగ్గురిని చేర్చండి" అన్నారు. మానేశాను. తగ్గిన నాలుగు కిలోలూ తిరిగొచ్చాయి, ఇంకో కిలోను వెంటబెట్టుకుని. రాకేం చేస్తాయి? నేను షేకు తాగిన మూడు నెలల్లో మా వంటింట్లో ఒక్క గిన్నె కూడా మారలేదు.

"ఆ కోచ్ వేరు, ఈ కోచ్ వేరమ్మా. వీళ్ళు నీకేమీ అమ్మరు" అని అమ్మాయే డబ్బు కట్టేసింది. కట్టాక ఇక తప్పుతుందా?

మొదటి కాల్‌లో మాట్లాడింది ఖమ్మం అమ్మాయి. ముప్పై లోపే ఉంటుంది. న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేసి, ఆపైన కోచింగ్ కోర్సు చేసిందట. నేను పెన్ను, పుస్తకం పట్టుకుని కూర్చుని "డైట్ చార్ట్ ఎప్పుడు పంపిస్తారు?" అని అడిగాను. "చార్ట్ ఉండదండి" అంది. ఒళ్ళు మండింది. పన్నెండు వేలు పోస్తే ఒక కాగితం ముక్క కూడా ఇవ్వరా? తను నవ్వి, నిన్న లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో ఉన్నదున్నట్టు చెప్పమంది.

చెప్పాను. పొద్దున ఇడ్లీ నాలుగు. మధ్యాహ్నం పన్నెండున్నరకు క్యారియర్: మూడు గిన్నెలు, పైదాంట్లో దొండకాయ వేపుడు, కింద రెండిట్లో అన్నం. సాయంత్రం ఐదింటికి ఆఫీసు బయట బండి మీద మిర్చి బజ్జీలు నాలుగు, టీ. రాత్రి పదింటికి పప్పన్నం, తర్వాత పెరుగన్నం, ఆవకాయ. చెప్తుంటే నాకే సిగ్గేసింది. తను అయ్యో అనలేదు, అమ్మో అనలేదు. "వీటిల్లో మీకు మీరే మార్చుకోవాలి అనిపించేది ఏమన్న ఉందా?" అంది.

"బజ్జీలు" అన్నాను.

"వారంలో ఎన్ని రోజులు మానగలరు?"

"రెండు రోజులు."

"చేసి తీరుతాననే నమ్మకం పదికి ఎంత ఉంది?"

"ఆరు" అన్నాను. పది ఎందుకు కాదు అని నిలదీస్తుందనుకుని సాకులు కూడా సిద్ధం చేసుకున్నాను. "ఆరుందా! మరి నాలుగు ఎందుకు అనలేదండి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆలోచించి చెప్పాల్సి వచ్చింది. గురువారం ఎలాగూ బాబాకి ఒంటిపూట ఉంటాను కాబట్టి ఆ రోజు బండి వైపే పోను. సోమవారం బ్యాంకు పనిమీద వెళ్తే అట్నుంచటే ఇంటికి వచ్చేస్తాను. అంటే రెండు రోజులు నాకు ముందే ఉన్నాయి. మానలేకపోవడానికి నేను తెచ్చుకున్న సాకులన్నీ పక్కకు పోయి, మానగలగడానికి నా దగ్గరున్న కారణాలు నా నోటితోనే బయటికొచ్చాయి. ఇదొక పద్ధతని తర్వాత తెలిసింది. పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. అమెరికన్ సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లో దీని గురించి మొదట రాశాడు, తాగుడు మానలేకపోతున్నవాళ్ళతో ఎలా మాట్లాడాలనే విషయంలో. బ్రాందీ మానలేనివాడికీ బజ్జీ మానలేనిదానికీ ఒకటే మందన్నమాట. మావారికి చెప్తే రెండు రోజులు నవ్వారు.

తర్వాతి వారం ఇంకో సంగతి అడిగింది: "ఐదింటికి మీకు నిజంగ ఆకలి అవుతుందా, లేక అందరు పోతున్నరని పోతున్నరా?" ఆకలే. పన్నెండున్నరకు తిన్న అన్నం నాలుగింటికల్లా ఆవిరైపోతుంది. మరైతే చిన్న డబ్బాలో ఏదైనా తెచ్చుకోవచ్చా అంది. ఉడికించి తాలింపు పెట్టిన శనగల గుగ్గిళ్ళు నేనే చెప్పాను. తను చెప్పిన వంటకం ఒక్కటీ లేదు. ఈ సర్వీసంతా ఇలాగే నడుస్తుంది. సలహాల కోసం వెళ్ళేవాళ్ళకు మొదటి నెల డబ్బు దండగ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఆదివారం కాల్ ఉందంటే శనివారం నేను బజ్జీ బండి దగ్గర ఆగకపోవడం చూసుకున్నాక, దేనికి డబ్బు కడుతున్నానో అర్థమైంది. ఒకళ్ళు అడుగుతారు, మనం జవాబు చెప్పాలి. ఆడిటర్ వస్తున్నాడంటే రికార్డులు సర్దుకున్నట్టు.

అన్నం సంగతికి వస్తాను. మూడో వారంలో అన్నం తగ్గిస్తానని నేనే అన్నాను. "ఇప్పుడు ఎంత తింటున్నరు?" అంటే నోరు పెగల్లేదు. లెక్కల మనిషిని, నా అన్నం లెక్క నాకు తెలియదు. క్యాలెండర్ తీశాను. 25 కిలోలు, 25 రోజులు, ముగ్గురం. మనిషికి రోజుకు 333 గ్రాముల బియ్యం. ఇడ్లీ రవ్వ కాకుండా! అత్తగారు పిట్ట తిన్నట్టు తింటారు కాబట్టి ఆవిడ వాటా కూడా మేమిద్దరమే తింటున్నాం. ఆ రోజు కాల్ అయ్యాక చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చున్నాను. డాక్టరుగారి 6.3 నన్ను అంతగా కదిలించలేదు, ఈ 333 కదిలించింది.

పనిలో పనిగా కూరగాయలు కూడా లెక్క కట్టాను. ఆదివారం రైతుబజారు నుంచి తెచ్చేవి వారానికి నాలుగు కిలోలు. మనిషికి రోజుకు 190 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళు రోజు మొత్తానికి వేసిన పళ్ళెం బొమ్మను కోచ్ పంపించింది. అందులో కూరగాయలే 400 గ్రాములు. ధాన్యం అన్నీ కలిపి 250. మా ఇంట్లో సరిగ్గా తలకిందులుగా ఉంది. అప్పటి నుంచి క్యారియర్‌లో గిన్నెలు తిరగేశాను: ఒక గిన్నె అన్నం, ఒక గిన్నె కూర, ఒక గిన్నె పప్పు. అంతే మార్పు. సామలు, కొర్రలు, ఓట్స్ ఏమీ లేవు. అదే బియ్యం, అదే దొండకాయ. కాకపోతే వేపుడుకు బదులు కొబ్బరి వేసిన కూర, ఎందుకంటే వేపుడు ఒక గిన్నెడు తినాలంటే నూనె కూడా గిన్నెడు పడుతుంది.

రాత్రి పూట మాత్రం యుద్ధమే జరిగింది. మా అత్తగారికి 78. "సగం కడుపుతో పడుకుంటే నిద్రెలా పడుతుందమ్మాయ్? రెండు ముద్దలు పెరుగేసుకో" అంటూ వడ్డించేస్తారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఇది కోచ్‌తో చెప్పుకుని బాధపడితే, "అత్తమ్మ గారికి మీ రిపోర్టు సంగతి తెలుసా?" అంది. తెలియదు. అసలు చెప్పలేదు, చెప్తే బెంగ పెట్టుకుంటారని. "చెప్పాలంటరా, వద్దంటరా? మీ ఇష్టం" అని ఊరుకుంది. రెండు వారాలు తటపటాయించి చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా లేచి వెళ్ళి, మరుసటి రోజు రాత్రి నా పళ్ళెంలో ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టి పక్కన పెద్ద గ్లాసుతో మజ్జిగ పెట్టారు. "మా పెద్దన్నయ్యకి కాలు తీసేశారు షుగరొచ్చి" అన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు.

నడక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పొద్దున్నే లేచి ఎన్టీఆర్ స్టేడియంలో నడవాలని నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు మానేశాను. ఐదోసారి మొదలుపెడతానంటే కోచే, "పొద్దున నాలుగుసార్లు కుదరలేదు కదండి, రోజులో ఇంకో వేళ ఏదన్న ఉందా?" అని అడిగింది. మధ్యాహ్నం క్యారియర్ కడిగాక పది నిమిషాలు దొరికాయి. తిన్న వెంటనే కాస్త నడిస్తే షుగర్ ఒక్కసారిగా పైకి లేవకుండా ఉంటుంది కాబట్టి నాకు ఆ వేళే మంచిదట. ఆఫీసు వెనక లోడింగ్ ప్లాట్‌ఫాం మీద అటు నలభై అడుగులు, ఇటు నలభై అడుగులు. హమాలీలు మొదట్లో "మేడమ్‌గారు స్టాక్ చెకింగ్‌కి వచ్చారు" అని టీ గ్లాసులు దాచేసేవాళ్ళు. రోజుకు పదివేల అడుగులు వేయాలనే గోల కూడా అక్కడితో వదిలేశాను. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన, అడుగులు లెక్కపెట్టే ఒక మీటరు పేరులోంచి వచ్చిందట, డాక్టర్లు తేల్చింది కాదు. వారానికి 150 నిమిషాలు కాస్త చురుగ్గా నడవమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు కూడా నేను చేరింది ఆఖరి ఆరు నెలల్లోనే, రాత్రి డాబా మీద ఇంకో పావుగంట కలిపాక.

షేకుల గదిలో 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందనేవాళ్ళు. 22వ రోజున కాకపోతే మనలో ఏదో లోపమున్నట్టు. ఈ కోచ్ అమ్మాయి చెప్పింది వేరు: లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు చూస్తే సగటున 66 రోజులు పట్టిందట, మనిషిని బట్టీ పనిని బట్టీ 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. ఒక రోజు తప్పినంత మాత్రాన చేసింది పోదట కూడా. నా మధ్యాహ్నం నడక ఆలోచించకుండా కాళ్ళు వాటంతటవే వెళ్ళడానికి మూడు నెలలు దాటింది. బజ్జీ బండి దాటి వెళ్ళడం మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు. ప్రతి సాయంత్రం ఆ వాసనకు ముక్కు అటు తిరుగుతుంది, నేను ఇటు తిరుగుతాను.

2023 డిసెంబరులో జరిగినదొకటి చెప్పాలి. జుట్టు ఊడిపోతోంది, ఎంత పడుకున్నా నీరసం, ఏసీ లేకుండానే చలి. బద్ధకం అని నేనే అనుకున్నాను, కోచ్‌తో కూడా అలాగే అన్నాను. తను రెండు కాల్స్ విన్నది. మూడోసారి "ఇది నా పని కాదండి. డాక్టరుకి చూపించుకోండి, థైరాయిడ్ సంగతి అడగండి. చూపించుకున్నాకనే మనం మాట్లాడుకుందాం" అంది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 9 దాటి ఉంది, ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. మాత్ర మొదలైంది. ఇంకో కోచ్ అయితే ఏ పొడో వాడి చూడమనేవారేమో. నా వరకు ఈ ఒక్క కాల్‌తోనే ఆ ఏడాది డబ్బు చెల్లిపోయింది. ఇంకో మాట కూడా నిజాయితీగా రాయాలి: బరువు తగ్గడంలో ఆ మాత్ర వాటా ఎంత, నడక వాటా ఎంత అని విడదీసి రాసే పద్దు ఏదీ లేదు.

ఫిబ్రవరిలో సీజన్ మొదలైంది. గుంటూరులో ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. మిర్చి యార్డుకి లక్ష దాటి టిక్కీలు వచ్చే రోజులుంటాయి. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర లారీలు వరసకట్టి ఉంటాయి. బాండ్లు రాసి, తూకం చీటీలు సరిచూసి, ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు. గాలి నిండా ఘాటు, కర్చీఫ్ లేకుండా ప్లాట్‌ఫాం మీద నిలబడితే దగ్గు ఆగదు. క్యారియర్ తినడానికి మూడవుతుంది, రాత్రి పూట యజమాని తెప్పించే బిర్యానీ. వరసగా మూడు కాల్స్ ఎత్తలేదు. యాప్ మాత్రం రోజూ తొమ్మిదింటికి "మీ లక్ష్యం మిమ్మల్ని పిలుస్తోంది" అని మోగేది. మోగినప్పుడల్లా దాన్ని తీసి గోడౌన్‌లో పడేయాలనిపించేది.

నాలుగోసారికి కోచ్ నుంచి వాట్సాప్‌లో ఒకే లైను వచ్చింది: "ఈ సీజన్ అయ్యేదాకా అన్నిటిని వదిలేసినా ఒక్కటి మాత్రం వదలను అంటే, ఏది ఉంచుకుంటారు?" తిట్టు లేదు, జాలి లేదు. రాత్రి పన్నెండింటికి "మధ్యాహ్నం పది నిమిషాలు" అని కొట్టాను. మిగిలినవి ఆ మూడు నెలలు నిజంగానే వదిలేశాను. ప్లాట్‌ఫాం మీద ఖాళీ లేక ఆఫీసు వరండాలోనే తిరిగాను, ముక్కుకు చున్నీ కట్టుకుని. మేలో యార్డుకు సెలవులిచ్చాక పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.1. నవంబరులో 5.9 ఉండేది. పెరిగింది. అయినా మొత్తం పోగొట్టుకుని మళ్ళీ ఒకటో మెట్టు దగ్గర నిలబడలేదు. షేకుల తర్వాత నిలబడింది అక్కడే కదా.

ఇక ఫిర్యాదులు. జూన్‌లో చెప్పాపెట్టకుండా కోచ్‌ని మార్చేశారు. ఖమ్మం అమ్మాయిని వేరే విభాగంలో వేశారట. పది నెలలు నా ఇల్లు, మా అత్తగారు, నా ఆఫీసు అన్నీ తెలిసిన మనిషి పోయి, ఒక కొత్త అబ్బాయి "హాయ్ ఆంటీ, గ్రేట్ జాబ్!" అంటూ వచ్చాడు. నా గురించి ముందు రాసి పెట్టినదేదీ చదవలేదు. నేను ఏం చెప్పినా "సూపర్!" అనేవాడు. బజ్జీలు తిన్నానని చెప్పినా సూపరే. ఎదురుగా కాగితం పెట్టుకుని ప్రశ్నలు వరసగా చదువుతున్నాడని గొంతులోనే తెలిసిపోయేది. అదే ప్రశ్న, "పదికి ఎంత నమ్మకం?" అని. "ఏడు" అంటే "ఓకే, నెక్స్ట్" అనేవాడు. ప్రశ్న అడగడం నేర్పారుగానీ జవాబు వినడం నేర్పలేదు. రెండు నెలలు ఓర్చుకుని మెయిల్ పెడితే ఇంకొకరిని ఇచ్చారు. విజయవాడ ఆవిడ, నా వయసే, బాగానే ఉంది. ఆ రెండు నెలల 5,000 మాత్రం వెనక్కివ్వలేదు.

యాప్ గురించి ఎక్కువ రాయడం కూడా దండగే. అంతా ఇంగ్లీషు. తిన్నది ఎక్కించాలంటే కినోవా ఉంటుంది, బ్లూబెర్రీ ఉంటుంది, పోహా ఉంటుంది. గోంగూర ఉండదు, ఉలవచారు ఉండదు. పప్పుచారుకు సాంబారు అని నొక్కాలి. నెలన్నర చూసి నోటుపుస్తకానికి మారిపోయాను.

నిద్ర విషయంలో కోచింగ్ నాకేమీ చేయలేకపోయింది. రాత్రి మంచమెక్కాక ఫోన్‌లో వీడియోలు చూడటం ముగ్గురు కోచ్‌లూ మాన్పించలేకపోయారు. ఫోన్ హాల్లో పెట్టి చార్జింగ్ పెడతానని నేనే చెప్పాను, తొమ్మిది రోజులు చేశాను, పదో రోజు అమ్మాయి అర్ధరాత్రి ఫోన్ చేస్తే వినపడదేమోనని తిరిగి తెచ్చుకున్నాను. నిజానికి అమ్మాయి ఎప్పుడూ అర్ధరాత్రి ఫోన్ చేయలేదు. మావారైతే నా గిన్నెల సర్దుబాటు అంతా చూస్తూ, తన అన్నం తను మామూలుగానే తింటున్నారు. అయినా బస్తా 36 రోజులొస్తోందంటే కొంత ఆయన పళ్ళెంలోంచి కూడా తెలియకుండా తగ్గిందనే నా లెక్క. అడిగితే ఒప్పుకోరు.

అంకెలు అడిగేవాళ్ళ కోసం: మొదలుపెట్టినప్పుడు బరువు 74, ఈ జనవరిలో 68. హెచ్‌బీఏ1సీ 6.3 నుంచి 5.9, సీజన్ తర్వాత 6.1, ఇప్పుడు 5.8. అంటే ఇంకా అంచు దాటి బయటికి రాలేదు. బియ్యం మనిషికి రోజుకు 231 గ్రాములు. కూరగాయలు వారానికి ఏడు కిలోలు, 400 గ్రాములకు ఇంకా దూరంలోనే ఉన్నాం. ఇంత చిన్న మార్పులకు ఇంత డబ్బా అని మా ఆఫీసులో ఒకాయన అడిగారు. నాకూ అనుమానం వచ్చి వెతికాను. చెన్నైలో నాలాగే అంచున ఉన్నవాళ్ళ మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. మామూలుగా వదిలేసినవాళ్ళలో మూడేళ్ళలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక గురించి పదేపదే వెంటపడి చెప్పినవాళ్ళలో 39 మందికే. 2013లో అక్కడివాళ్ళే ప్రచురించిన ఇంకోదాంట్లో, ఉద్యోగాలు చేసుకునే మగవాళ్ళకు ఫోన్‌లో మెసేజీలు పంపుతూ పోతే రెండేళ్ళలో 18 శాతానికి వచ్చింది, మెసేజీలు లేనివాళ్ళలో 27. అవి పరిశోధనలు, నాది కొనుక్కున్న సర్వీసు, ఒకటి కావు. కాకపోతే ఎవరో ఒకరు విడవకుండా అడుగుతూ ఉండటంలో బలముందని మాత్రం నాకు కుదిరింది.

డబ్బు కట్టేముందు చూసుకోవాల్సిన సంగతొకటి. అమెరికాలో ఈ కోచ్‌లకు 2017 నుంచి జాతీయ స్థాయి బోర్డు పరీక్ష ఉంది. మన దగ్గర ఆ పేరు పెట్టుకోవడానికి ఏ పరీక్షా అడ్డం రాదు, ఎవరైనా రేపు బోర్డు కట్టుకోవచ్చు. కాబట్టి ఏం చదివారో మొహమాటపడకుండా అడగండి. నాకు షుగర్ మాత్రలున్నాయి, తగ్గించుకోవచ్చా అని కూడా ఒకసారి అడిగి చూడండి. అది డాక్టరును అడగాలి అంటే కూర్చోండి, తగ్గించుకోవచ్చంటే లేచి వచ్చేయండి. మీ మొదటి కాల్ అయ్యేలోపు ఏదైనా డబ్బా పేరు వినిపిస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. ఇప్పటికే రోజూ నడుస్తూ, వేళకు తింటూ ఉండేవాళ్ళకు ఇది అవసరం లేదు. అలాగే "ఏం తినాలో చెప్పండి చాలు" అనేవాళ్ళు మంచి డైటీషియన్ దగ్గరికి ఒకసారి వెళ్ళి రావడం చౌక. అన్నీ తెలిసి, ఏదీ చేయలేక, చేయలేదని రాత్రిపూట తమను తాము తిట్టుకునే నాలాంటివాళ్ళకు మాత్రం కట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది. అదైనా మనిషి బాగా దొరికితేనే.

ఈ జనవరితో ప్యాకేజీ అయిపోయింది. అమ్మాయి "ఇంకో ఏడాదికి కట్టెయ్యనా అమ్మా?" అంది. వద్దన్నాను. ఇప్పుడు ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక నోటుపుస్తకం తీసి, ఆ ప్రశ్నలు నేనే రాసుకుని నేనే జవాబులు రాస్తున్నాను. అత్తగారు పక్కన కూర్చుని "ఈ వారం ఎంతేసుకున్నావ్ మార్కులు?" అని అడుగుతారు. ఏడు అంటే నవ్వుతారు. కాకపోతే వచ్చే నెల నుంచి మళ్ళీ లారీలు వరసకడతాయి. ఆ మూడు నెలలకు మాత్రం విజయవాడ ఆవిడే కావాలని అడిగి, 7,500 కట్టి పెట్టుకున్నాను.